కిట్టు పేరున వచ్చిన జ్యూరీ కాగితం

చిరంజీవి లావణ్యకు,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫోటో చూశాను. అలమీడా కౌంటీ సుపీరియర్ కోర్టు నుంచి మీ అబ్బాయి కిట్టు పేరున వచ్చిన జ్యూరీ సమన్లు, అంటే కేసు విని తీర్పు చెప్పే మామూలు జనంలో ఒకడిగా కూర్చోడానికి రమ్మన్న పిలుపు. కింద నువ్వు పెట్టిన మెసేజ్‌లు చూస్తే రాత్రంతా నిద్రపోయినట్టు లేవు. ఫోన్లో చెబితే సగం నీకు వినబడదు, మిగతా సగం వంటింట్లో పడి మర్చిపోతావు. అందుకే రాస్తున్నాను. మా రవికి ఇదంతా అయింది కాబట్టి, నేనే ఒకసారి జ్యూరీలో కూర్చున్నాను కాబట్టి, రెండు వైపుల సంగతీ నాకు కొంచెం తెలుసు.

ముందు కంగారు తగ్గించుకో. కిట్టూని ఎవరూ కేసులో ఇరికించట్లేదు. కాలిఫోర్నియాలో జ్యూరీకి పేర్లు ఓటర్ల జాబితా నుంచి, డీఎమ్‌వీ (డ్రైవింగ్ లైసెన్సులిచ్చే రాష్ట్ర ఆఫీసు) దగ్గరున్న లైసెన్సులు, ఐడీ కార్డుల జాబితా నుంచి తీస్తారు. 2022 నుంచి రాష్ట్రానికి టాక్స్ ఫైల్ చేసినవాళ్ళ జాబితా కూడా కలిపారు. పద్దెనిమిది నిండగానే వాడికి డీఎమ్‌వీ ఐడీ చేయించావు కదా, పేరు అక్కడినుంచే వెళ్ళి ఉంటుంది. కిట్టూకి ఆటిజం ఉందని ఆ జాబితాల్లో రాసి ఉండదు. వాడికి పంతొమ్మిదేళ్ళు, ఇక్కడే పుట్టాడు, అంతవరకే వాళ్ళకి తెలుసు.

మీ అత్తగారు భయపడుతున్నారన్నావు. మన దేశంలో జ్యూరీ చూసినవాళ్ళు ఇప్పుడెవరున్నారు! ఆవిడకి నానావతి కేసు గుర్తు చెయ్యి, ఆవిడ తరం వాళ్ళకి తెలిసే ఉంటుంది. 1959లో బొంబాయిలో తొమ్మిది మంది జ్యూరీలో ఎనిమిది మంది నిర్దోషి అన్నారు, జడ్జి ఒప్పుకోక హైకోర్టుకి పంపాడు. తర్వాత మన దగ్గర జ్యూరీలు మెల్లగా పోయాయి. ఇక్కడ మాత్రం ఇది పౌరుడి బాధ్యత. అన్నట్టు, ఆవిడకి కూడా డీఎమ్‌వీ ఐడీ ఉంది కదా, రేపోమాపో ఆవిడ పేరున కూడా ఒకటి రావచ్చు. గ్రీన్‌కార్డు వాళ్ళు అందులో పౌరసత్వం లేదన్న గడి టిక్ పెట్టి వెనక్కి పంపితే చాలు. అది నిజం కాబట్టి ఇబ్బంది లేదు. కిట్టు కాగితం మీద మాత్రం ఆ టిక్ పెట్టకండి. ఎవరో పాట్‌లక్ విందులో నీకు ఆ ఉపాయం చెప్పారన్నావు. ఆ ఫారం మీద సంతకం అబద్ధం చెబితే శిక్షార్హమన్న షరతు కిందే పెడతారు. ఆటిజం చెప్పుకోడానికి సిగ్గుపడి పౌరుడే కాదని చెప్పడం నాకైతే అర్థం కాదు.

చెత్తబుట్టలో పడేస్తే ఏమీ కాదన్నవాళ్ళ మాట కూడా వినకు. చాలామందికి ఏమీ కాలేదు, నిజమే. కానీ జవాబివ్వకపోతే 1500 డాలర్ల వరకూ జరిమానా వెయ్యవచ్చు. డబ్బు సంగతి అలా ఉంచు, రెండో నోటీసు గట్టిగా రాసి వస్తుంది. కిట్టు అక్షరం అక్షరం చదివి, ఉన్నదున్నట్టు నమ్మే పిల్లాడు. పోలీసులు వస్తారేమోనని వారం రోజులు తలుపు దగ్గరే నిలబడతాడు. ఓటరు జాబితాలోంచి పేరు తీయించేద్దామన్న అల్లుడుగారి ఆలోచన కూడా వద్దు. డీఎమ్‌వీ జాబితాలో పేరు అలాగే ఉంటుంది కాబట్టి సమన్లు ఆగవు, ఓటు మాత్రం పోతుంది. జ్యూరీ నుంచి మినహాయింపు తీసుకుంటే ఓటు హక్కు పోతుందని ఎవరైనా అంటే అదీ తప్పే. రెండూ వేరు.

ఇక దారులు. వాయిదా ఒకటి. తేదీ కుదరకపోతే కోర్టు వెబ్‌సైట్లోనే మార్చుకోవచ్చు. కిట్టు విషయంలో అది సమస్యని కొన్ని నెలలు వెనక్కి నెట్టడమే. రెండోది, సదుపాయాలు అడిగి వెళ్ళడం. మూడోది, శాశ్వత వైద్య మినహాయింపు. కన్జర్వేటర్‌షిప్ (పెద్దవాడైన మనిషి తరఫున నిర్ణయాలు తీసుకునే అధికారం కోర్టు ఇంకొకరికి ఇవ్వడం) ఉన్నవాళ్ళకి జ్యూరీ అర్హతే ఉండదు, ఫారంలో ఆ సంగతి చెబితే అయిపోతుంది. మీకు అది లేదు. దీనికోసం తీసుకోకండి కూడా. ఒక్క కాగితం తప్పించుకోడానికి పిల్లాడి హక్కులన్నీ కోర్టు చేతిలో పెట్టడం మతిలేని పని. వాడు నిర్ణయాలు తీసుకోడానికి మీరు పక్కనుండి సాయం చేసే పద్ధతిని 2023 నుంచి ఈ రాష్ట్ర చట్టమే గుర్తిస్తోంది. అది మీ ఇంటికి సరిపోతుందని నా అభిప్రాయం.

రెండో దారి గురించి ఒక మాట. ఆటిజం ఉన్నవాళ్ళందరూ జ్యూరీకి పనికిరారని అనుకోవద్దు, ఎవరూ అలా అననివ్వద్దు. నాకు తెలిసిన ఒక అమ్మాయి ఉంది, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తుంది, ముప్ఫయ్యేళ్ళకి ఆటిజం అని తెలిసింది. ఎంసీ-410 అనే ఫారం నింపి, వేచి ఉండే హాల్లో హెడ్‌ఫోన్లు పెట్టుకోడానికి, గంటకోసారి బయటికెళ్ళి రావడానికి అనుమతి అడిగింది. ఆ ఫారం కనీసం ఐదు కోర్టు పనిదినాల ముందు ఇవ్వాలి, అందులోని వివరాలు గోప్యంగా ఉంచుతారు. ఆ అమ్మాయి రాసుకున్న నోట్సు చూస్తే లాయర్లు సిగ్గుపడాలి. అలాంటి పిల్లల్ని కోర్టు వదులుకుంటే నష్టం కోర్టుకే.

కిట్టు పరిస్థితి వేరని నీకూ తెలుసు, నాకూ తెలుసు. లివర్‌మోర్ గుడిలో పండగ రోజు వాడు చెవులు మూసుకుని కారులోకి పరిగెత్తడం చూశాను కదా. నేను కూర్చున్న ట్రయల్‌లో రోజంతా మాటలే. సాక్షి ఒకటి చెబుతాడు, లాయరు లేచి అభ్యంతరం అంటాడు, జడ్జి ఆ మాట మీరు వినలేదనుకోండి అంటాడు. విన్నది విననట్టు ఎలా ఉంటామని కిట్టు అడుగుతాడు, అడగాలి కూడా. క్రిమినల్ కేసులో పన్నెండు మందీ ఒక్క మాట మీదికి రావాలి. ఒక గదిలో తలుపు వేసుకుని, పది మంది గొంతు పెంచి వాదిస్తుంటే, నీదొక్కటే ఆలస్యం అన్నట్టు చూస్తుంటే, వాడు ఒత్తిడి తట్టుకోలేక వాళ్ళు ఏమంటే అది అనేస్తాడు. లేదా తల గోడకి కొట్టుకుంటాడు. అవతల ఒక మనిషి జైలుకి వెళ్తాడా ఇంటికి వెళ్తాడా అన్నది తేలాల్సిన చోట అది ఎవరికీ న్యాయం కాదు, కిట్టూకి అసలు కాదు. అందుకే శాశ్వత మినహాయింపు అడగమంటున్నాను.

ఇక్కడే అందరూ తడబడతారు, జాగ్రత్తగా చదువు. కాలిఫోర్నియా కోర్టు రూల్స్‌లో 2.1009 అని ఒకటుంది. శాశ్వత వైద్య మినహాయింపు దాని కిందే ఇస్తారు. ఆటిజం ఉందా లేదా అన్నది దాని అసలు ప్రశ్న కాదు. రోజుకి ఆరు గంటల వరకూ, మధ్యలో భోజన విరామం, పొద్దునా మధ్యాహ్నం చిన్న చిన్న విరామాలు ఇస్తూ, సాక్ష్యాల మీదా కోర్టులో జరిగేదాని మీదా ఈ మనిషి దృష్టి పెట్టగలడా? కోర్టు సదుపాయాలు కల్పించినా పెట్టలేడా? ఈ పరిస్థితి ఇకముందు తగ్గేది కాదా? కోర్టులో జ్యూరీ వ్యవహారాలు చూసే జ్యూరీ కమిషనర్ చూసేది వీటినే.

నాకు తెలిసిన ఒక కుటుంబానికి వాళ్ళ డాక్టరు ఒకే ఒక వాక్యం రాసిచ్చాడు: ఈ అబ్బాయికి ఆటిజం ఉంది, దయచేసి మినహాయించండి. తిప్పి పంపారు. వాళ్ళు కోర్టుని తిట్టుకున్నారు గానీ, ఆ వాక్యంలో కమిషనర్‌కి కావలసిన జవాబు ఒక్కటీ లేదు మరి. ఆటిజంతో ట్రయల్ చక్కగా వినేవాళ్ళున్నారు, నిమిషం కూర్చోలేనివాళ్ళూ ఉన్నారు. మన పిల్లాడు ఎక్కడున్నాడో ఆ ఉత్తరం చెప్పాలి.

కాబట్టి డాక్టరు దగ్గరికి ఖాళీ చేతులతో వెళ్ళకు. ముందు నువ్వొక పేజీ రాసుకో. రోగం పేర్లు కాదు, జరిగేవి రాయి. కొత్త చోట ఎంతసేపు కూర్చోగలడు. ట్యూబ్‌లైట్ల కింద, మైకు శబ్దంలో ఏం చేస్తాడు. ఎవరైనా ప్రశ్నని రెండు రకాలుగా అడిగితే ఏమవుతుంది. హెడ్‌ఫోన్లు పెట్టినా, నువ్వు పక్కనున్నా ఎంతవరకు తేడా వస్తుంది. ఈ చివరిది మరిచిపోవద్దు. సదుపాయాలిస్తే సరిపోదా అన్న ప్రశ్నకి జవాబు అక్కడే ఉంది. హైస్కూల్ చివరి ఐఈపీ (బడివాళ్ళు వాడికోసం రాసిన ప్రత్యేక విద్యా ప్రణాళిక), వాడిలాంటి వాళ్ళకి సేవలు చూసే రీజినల్ సెంటర్ వాళ్ళు చేయించిన సైకాలజిస్టు రిపోర్టు తిరగెయ్యి. సగం వాక్యాలు అందులోనే దొరుకుతాయి. ఆ రిపోర్టులు మొత్తంగా కోర్టుకి పంపకు, అక్కర్లేదు. వాడు నాలుగేళ్ళప్పుడు ఏం చేశాడో క్లర్కుకి ఎందుకు? ఉత్తరం వరకే.

ఉత్తరం ఎండీ డాక్టరే రాయాలని లేదు. వాడికి చికిత్స చేస్తున్న క్లినికల్ సైకాలజిస్టు, థెరపిస్టు, నర్స్ ప్రాక్టిషనర్ రాసినా ఆ రూల్ ఒప్పుకుంటుంది. ఏడాదికొకసారి పది నిమిషాలు చూసే డాక్టరు కంటే, వారం వారం వాణ్ణి చూసే ఆ సైకాలజిస్టే మీకు మేలు. లెటర్‌హెడ్ మీద, సంతకంతో, ఇది శాశ్వతమైన పరిస్థితి అన్న మాట స్పష్టంగా ఉండేలా చూడు. ఆ మాట లేకపోతే ఈసారికి వదిలేసి మళ్ళీ పిలుస్తారు. ఇంకోటి, కిట్టూకి పద్దెనిమిది దాటాయి కాబట్టి వాడి సంతకం లేకుండా సైకాలజిస్టు ఆఫీసువాళ్ళు నీతో మాట్లాడకపోవచ్చు. వివరాలు నీకివ్వడానికి ఒప్పుకుంటున్నట్టు వాడితో ముందే ఫారం మీద సంతకం పెట్టించు. కోర్టుకి రాసే విన్నపం వాడి తరఫున ప్రతినిధిగా నువ్వు ఇవ్వొచ్చు, కానీ సంతకం పెట్టగలిగినవాడు కాబట్టి వాడే పెడితే బాగుంటుంది.

సంతకం అన్నాను కాబట్టి చెబుతున్నాను. ఇదంతా వాడి వెనకాల చెయ్యకు. కవరు వాడి పేరున వచ్చింది, వాడు చూశాడు. కోర్టు అంటే ఏమిటో, పన్నెండు మంది ఎందుకో, వెళ్తే ఆ రోజు ఏమేం జరుగుతుందో వరసగా చెప్పు. వాడికి వరస ఉంటే చాలు. తర్వాత అడుగు, వెళ్ళాలనుందా అని. మా రవిని అడిగితే జడ్జి నల్ల గౌను చూడాలన్నాడు. సరే, ఖాళీగా ఉండే ఒక పొద్దున కోర్టుకి తీసుకెళ్ళాం. చాలా విచారణలకి ఎవరైనా వెళ్ళి వెనక కూర్చోవచ్చు. కాసేపు చూశాడు, చాలన్నాడు, వచ్చేశాం. తర్వాత కాగితం మీద పేరు తనే రాశాడు. కిట్టు వెళ్తానని పట్టుబడితే మాత్రం నాకు ఫోన్ చెయ్యి, ఎంసీ-410 సంగతి అప్పుడు మాట్లాడదాం. నా మాట కోసం వాణ్ణి ఆపకు.

శాశ్వతం అన్న మాట దగ్గర నీకు గొంతు పట్టుకుంటుందని తెలుసు. అల్లుడుగారికీ అదే బాధ అనుకుంటాను, వాడికిక ఏదీ రాదని మనమే రాసిచ్చినట్టు. ఆ రూల్‌లోనే ఉంది, ఎప్పుడైనా సరే తను మళ్ళీ జ్యూరీకి వస్తానని వాడు రాతపూర్వకంగా అడిగితే పేరు తిరిగి చేర్చాలి. ఇప్పుడు మినహాయింపు ఇవ్వం అన్నా మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. కాదన్నప్పుడు కారణం రాసి ఇస్తారు, దాన్ని సైకాలజిస్టుకి చూపించి ఉత్తరంలో ఆ లోటు పూడ్పించు.

సమన్ల తేదీ దాకా ఆగకుండా పంపెయ్యి. ఈ పనంతా కాగితం మీదే అయిపోవాలి. హాల్లోకి వెళ్ళాక చెబుదాంలే అనుకుంటే, కిట్టు సంగతులు యాభై మంది కొత్తవాళ్ళ ముందు మైకులో చెప్పాల్సి వస్తుంది. జవాబు వచ్చాక ఆ కాపీ దాచు. ఒక కౌంటీ ఇచ్చింది పక్క కౌంటీకి తెలిసిపోతుందని అనుకోకు, ఇల్లు మారితే మళ్ళీ చూపించాల్సి రావచ్చు. ఫెడరల్ కోర్టు నుంచి వచ్చే సమన్లు పూర్తిగా వేరు, వాటికి వేరుగా రాయాలి.

నీ పేరున వస్తే? నిన్ను విడిచి కిట్టు ఉండలేడు, ఆ వేళల్లో చూసుకునే మనిషి దొరకరు అన్నది నిజమైతే, ఇంట్లో ఒకరిని తప్పనిసరిగా చూసుకోవాల్సి ఉందన్న కారణం మీద నువ్వూ మినహాయింపు అడగొచ్చు. పగలు వాడు ప్రోగ్రాంకి వెళ్తున్నంత కాలం మాత్రం నువ్వు వెళ్ళి కూర్చో. నాకైతే ఆ రోజులు భలే నచ్చాయి, పైగా ఎవరూ టిఫిన్ ఏం చేశావని అడగరు.

ఒక్కటి మాత్రం ఇవాళే వాడికి చెప్పు. జ్యూరీకి రాలేదు, జరిమానా కట్టు, లేకపోతే అరెస్టు అని ఫోన్లు వస్తుంటాయి. గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు చెప్పమంటారు. అది మోసం. కోర్టు ఫోన్ చేసి డబ్బడగదు. కిట్టు లాంటి పిల్లలు వెంటనే నమ్మేస్తారు. అలాంటి ఫోన్ వస్తే పెట్టేసి అమ్మని పిలవాలని ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అతికించు.

సైకాలజిస్టు అపాయింట్‌మెంట్ ఎప్పుడు దొరికిందో మెసేజ్ పెట్టు. నువ్వు రాసుకున్న పేజీ ముందు నాకు పంపితే చూసి చెబుతాను. ఉత్తరం కోర్టుకి పంపేముందు కూడా ఒకసారి చూపించు. అల్లుడుగారిని, అత్తగారిని అడిగానని చెప్పు. కిట్టూకి కారప్పూస చేసి ఉంచాను, ఆదివారం వచ్చి తీసుకెళ్ళు.

మీ పెద్దమ్మ