కొసమెరుపు కోసం ఆ పిల్లని మళ్లీ చంపకు

చి.సౌ. అమ్మాయికి, ఆశీస్సులు.

ఇంగ్లండులో నార్‌ఫోక్ కౌంటీ (మన జిల్లా లాంటిది) పల్లెలో చెరువు నీళ్లలో మునిగి చనిపోయిన పనిపిల్ల మీద నువ్వు రాసిన కథ అందింది. చదివి పక్కన పెట్టి, మళ్లీ తీసి చదివాను. వెంటనే రాస్తే కోపంగా రాస్తానని నాలుగు రోజులు ఆగుదామనుకున్నాను. ఆగినా కోపం తగ్గేలా లేదు, అందుకే రాసేస్తున్నాను.

ముందు కరోనర్ సంగతి, అంటే అనుమానపు చావుల మీద విచారణ జరిపే అధికారి సంగతి. నీ కథలో ఆయన తెల్ల విగ్గు పెట్టుకుని, ఎత్తైన కుర్చీలో కూచుని, సుత్తితో బల్ల మీద కొట్టి "ఆర్డర్" అంటాడు. 1848లో నార్‌ఫోక్ పల్లెటూళ్లో అలాంటి కోర్టు లేదు. ఇంగ్లండు జడ్జీలు అసలు సుత్తే వాడరు. ఆ రోజుల్లో కౌంటీ కరోనర్ అంటే సాధారణంగా దగ్గర పట్నంలో ప్రాక్టీసు చేసుకునే ప్లీడరు. కౌంటీలో సొంత భూమి ఉన్నవాళ్లు ఓట్లేసి ఎన్నుకునేవాళ్లు. ఫలానా చోట శవం దొరికిందని కబురొస్తే గుర్రబ్బండిలో ఆ ఊరు వచ్చేవాడు. విచారణ చాలావరకు ఊరి పబ్బులోనే జరిగేది. ఇరవై మంది కూచోడానికి వీలైన వెచ్చటి గది చాలా ఊళ్లలో అదొక్కటే. శవాన్ని పబ్బు వెనక కొట్టంలోనో, చనిపోయినవాళ్ల ఇంట్లోనో ఉంచేవాళ్లు. జ్యూరీ కనీసం పన్నెండు మంది, ఎక్కువలో ఎక్కువ ఇరవై మూడు. వాళ్లు ప్రమాణం చేసి, లేచి వెళ్లి, శవాన్ని కళ్లారా చూసి రావాలి. చూడకపోతే విచారణ చెల్లదు. ఈ నియమం 1926 దాకా నడిచింది.

నువ్వు వాడుకోవాల్సింది ఇదే. ఆ పన్నెండు మందీ పరాయివాళ్లు కాదు. ఊళ్లో రైతులు, కమ్మరి, రొట్టెలు కాల్చేవాడు, దుకాణదారు. ఆ పిల్లని పనిలో పెట్టుకున్న రైతుకి పక్క పొలంవాడు అందులో ఉంటాడు. ఆమె తండ్రికి అప్పిచ్చినవాడు ఉంటాడు. ఆదివారం చర్చిలో ఆమె వెనక బెంచీలో కూచునేవాడు ఉంటాడు. వాళ్లని ఊరి కానిస్టేబులు ఇంటింటికీ తిరిగి పిలుచుకొస్తాడు. పని మానుకుని వచ్చిన ఆ మనుషులు కొట్టంలోకి ఒకరి వెనక ఒకరు వెళ్లి, రోజూ చూసిన మొహాన్ని ఆ స్థితిలో చూసి, తిరిగొచ్చి బల్ల చుట్టూ కూచుంటారు. నీ కథలో "జ్యూరీ సభ్యులు గంభీరంగా తలలూపారు" అని ఒక్క వాక్యంలో అంతా అయిపోయింది.

తల్లి సాక్ష్యం మాత్రం నన్ను కదిలించింది. "పొద్దున అక్క బూట్లు వేసుకుని పోయింది, సాయంత్రం తెచ్చిచ్చేస్తానంది" అని ఆ తల్లి చెప్పడం. అది నీకు దొరికిన పాత పేపరు కత్తిరింపులో ఉందో, నీ ఊహో నాకు తెలీదు. ఏదైనా సరే, అది రాయగలిగిన మనిషి ఆ తర్వాతి పేజీలో పాదిరీ కొడుకుని హంతకుడిగా ఎందుకు లాక్కొచ్చింది? చివరి రెండు పేజీల్లో డాక్టరు లేచి, మెడ మీద గుర్తులు చూపించి, అందరూ నివ్వెరపోవడం ఎందుకు? ఎందుకో నాకు తెలుసు. కొసమెరుపు కోసం.

మన కథల్ని ఈ కొసమెరుపు తినేసిందని నేను ముప్పై ఏళ్లుగా అంటూనే ఉన్నాను. పోటీలకి కథలు పిలిచే ప్రతి ప్రకటనలోనూ "ఊహించని ముగింపు" కావాలంటారు. బహుమతులిచ్చేవాళ్లకి ఒక్కరోజులో రెండొందల కథలు చదవాలి, అందుకని చివరి పేరా చూసి మార్కులేస్తారు. దానికి తగ్గట్టే రాసేవాళ్లూ తయారయ్యారు. చనిపోయిన మనిషి కథలో ముడిసరుకు అయిపోతాడు. నీ కథలో ఆ పదహారేళ్ల పనిపిల్లకి జరిగిందీ అదే. నీళ్లలో ఒకసారి చచ్చిపోయింది. నీ ముగింపు కోసం నువ్వు ఇంకోసారి చంపావు.

అసలు జ్యూరీ ఏం తీర్పిచ్చిందో నీ ఉత్తరంలో నువ్వే రాశావు: "నీట మునిగి చనిపోయి కనిపించింది." అంతే. కావాలని దూకిందా, కాలు జారిందా, ఎవరైనా తోశారా, ఏదీ చెప్పలేదు. ఇలాంటి తీర్పులు అప్పట్లో చాలా వచ్చేవి. నీకది అసంపూర్తిగా అనిపించింది. నాకు ఆ పన్నెండు మంది పల్లెటూరి మనుషుల నిజాయితీ అందులో కనిపించింది. ఒకవేళ తెలిసీ చెప్పలేదేమో కూడా. ఎందుకంటే "తెలివిలో ఉండి ఆత్మహత్య చేసుకుంది" అని రాస్తే తర్వాత ఏం జరిగేదో చూడు. 1823కి ముందైతే శవాన్ని నాలుగు దారుల కూడలిలో, గుండెల్లో కర్ర దించి పూడ్చే ఆచారం ఉండేది. 1823 చట్టం దాన్ని ఆపింది గానీ, రాత్రి తొమ్మిదికీ పన్నెండుకీ మధ్య, ప్రార్థన లేకుండా పూడ్చాలంది. అది 1882 దాకా సాగింది. చనిపోయినవాళ్ల సొత్తు ప్రభుత్వానికి పోతుందన్న నియమం 1870 దాకా కాగితం మీద ఉంది. అందుకే జ్యూరీలు ఎక్కువగా "మతి చెలించి చేసుకుంది" అని రాసేవి. అలా రాస్తే పిల్లకి పగటిపూట అందరిలాంటి ఖననం, అమ్మానాన్నలకి ఊళ్లో తలెత్తుకుని తిరిగే వీలు.

ఇది మనకి తెలియంది కాదమ్మా. "కడుపునొప్పి తాళలేక పురుగుల మందు తాగి" అని మన పేపర్లలో ఎన్నిసార్లు చదివుంటావు? ఆ కడుపునొప్పి పంచనామాలోంచి పేపర్లోకి వస్తుంది. ఆ మాట నేనూ రాశాను. చెబుతాను విను.

రాయడం మొదలుపెట్టిన రోజుల్లో నేనొక మండల కేంద్రంలో పేపరు కంట్రిబ్యూటర్‌ని. జీతం లేదు, లైన్ అకౌంటే. ఎన్ని సెంటీమీటర్ల వార్త పడితే అన్ని డబ్బులు. రోజూ సర్కారు ఆసుపత్రి మార్చురీ వరండాలో కూచునేవాణ్ణి. అప్పటికి మునసబులు పోయారు, శవపంచనామా పోలీసులే చేసేవాళ్లు. ఒక రోజు ఒక వ్యవసాయ కూలీ శవం వచ్చింది. పంచాయతీదార్లుగా, అంటే పంచనామాకి సాక్షులుగా, అదే ఊరివాళ్లని కూచోబెట్టారు. హెడ్ కానిస్టేబులు పైకి చదువుతూ రాసుకుంటున్నాడు: తల ఉత్తరం వైపు, కళ్లు సగం తెరిచి, ఒంటి మీద గళ్ల లుంగీ, భుజాన తువ్వాలు. అక్కడ ఒక ముసలాయన ఆపాడు. "కొత్త తువ్వాలు అని రాయండి" అన్నాడు. హెడ్డు వినిపించుకోలేదు. "మొన్న శుక్రవారం సంతలో కొన్నాడు, నేను పక్కనే ఉన్నాను, బేరమాడాడు కూడా, కొత్త తువ్వాలు అని రాయండి." అది అవసరం లేదు తాతా, వేలిముద్ర వెయ్యి అన్నాడు హెడ్డు. ముసలాయన బొటనవేలు పిడికిట్లో దాచుకున్నాడు. గొడవ చెయ్యలేదు, గొంతు పెంచలేదు, అలాగే కూచున్నాడు. ఎండ వరండాలోకి వచ్చేసింది. చివరికి హెడ్డు విసుక్కుంటూ ఆ ఒక్క మాటా పైన ఇరికించి రాశాడు. అప్పుడు వేలు చాపాడు. మరణానికి కారణం దగ్గర మాత్రం మామూలు కడుపునొప్పే పడింది, దానికి ముసలాయన అడ్డు చెప్పలేదు. మర్నాడు పేపర్లో నా వార్త కూడా అలాగే వచ్చింది.

చావబోయేవాడు బేరమాడి తువ్వాలు కొనడని ఆయన చెప్పదలిచాడా, లేక తన స్నేహితుడు బికారిలా పోలేదని కాగితం మీద ఉండాలనుకున్నాడా, నేను అడగలేదు. దాన్ని కథ రాశాను. అప్పట్లో పేరున్న ఒక వారపత్రిక సంపాదకుడు "బాగుంది గానీ రిపోర్టులా ఉంది, హత్యో ఆత్మహత్యో చివర్లో తేల్చండి" అని తిప్పి పంపాడు. తేల్చనన్నాను. ఆయనే తేల్చి అచ్చేశాడు. పంచనామా భాగం తీసేసి, చివర్లో ముసలాయనే హంతకుడని రెండు వాక్యాలు కలిపాడు. నా పేరు కింద ఆ రెండు వాక్యాలు ఇప్పటికీ ఒక సంకలనంలో ఉన్నాయి. ఆ సంపాదకుడు పోయి చాలా కాలమైంది. నాకింకా మంట తగ్గలేదు.

కాబట్టి పాదిరీ కొడుకుని తీసెయ్యి. నీ డాక్టర్ని కూడా సగం తగ్గించు. 1836 చట్టం ప్రకారం విచారణలో సాక్ష్యమిచ్చే డాక్టరుకి ఒక గినీ (పౌండు కన్నా కాస్త ఎక్కువ), శవాన్ని కోసి చూస్తే రెండు గినీలు. కోయాలా వద్దా చెప్పేది కరోనర్. ఒంటి మీద దెబ్బల్లేని పేద పిల్లకి ఆ రెండో గినీ ఖర్చు పెట్టేముందు ఆయన ఆలోచించేవాడు. ఆయన పరిస్థితీ అంతంతే. 1751 చట్టం నాటి లెక్కే ఇంకా నడుస్తోంది: ఒక్కో విచారణకి ఒక పౌండు, ప్రయాణానికి మైలుకి తొమ్మిది పెన్నీలు, ఆ మీద 1837లో కలిపిన ఆరు షిల్లింగుల ఎనిమిది పెన్నీలు. బిల్లు పాస్ చేసేది కౌంటీ మేజిస్ట్రేట్లు. "ఈ చావుకి విచారణే అక్కర్లేదు" అని వాళ్లు కొట్టేస్తే ఆయన బండి ఖర్చు కూడా రాదు. 1860లో జీతం ఏర్పాటు చేసేదాకా ఇదే పేచీ. లైన్ అకౌంట్ మీద బతికినవాణ్ణి కాబట్టి, ఏ చావుకి వెళ్లాలో లెక్కేసుకునే ఆ మనిషి నాకు బాగా అర్థమవుతాడు. నీ కథలో ఆయన దేవుడిలా ఉన్నాడు. లెక్కేసుకునే మనిషిగా రాయి.

కొసమెరుపు జబ్బు ఆనాడూ ఉంది. నీ కథ నడిచే ఏళ్లలోనే, పక్క కౌంటీ సఫోక్ దాటితే ఎసెక్స్‌లో క్లేవరింగ్ అనే ఊరుంది. అక్కడ సారా చెషమ్ అనే పేదరాలి ఇద్దరు కొడుకులు 1845లో చనిపోయారు. మరుసటి ఏడు శవాల్ని తవ్వి తీస్తే పాషాణం (ఆర్సెనిక్) దొరికింది. 1847లో కోర్టు ఆమెని వదిలేసింది. కానీ పేపర్లు వదల్లేదు. "శాలీ ఆర్సెనిక్" అని పేరే పెట్టేశాయి. ఎసెక్స్ పల్లెలన్నీ విషం పెట్టే ఆడవాళ్లతో నిండిపోయాయన్నట్టు రాశాయి. 1850లో భర్త పోయాడు. ఈసారి అతనికి విషం పెట్టిందన్న నేరం మీద 1851 మార్చిలో చెల్మ్స్‌ఫర్డ్‌లో ఉరి తీశారు. ఆ నెలలోనే పార్లమెంటులో పాషాణం అమ్మకాల మీద బిల్లు నడుస్తోంది. ఆడవాళ్లకి అసలు అమ్మకూడదని ఒక దశలో అందులో చేర్చారు కూడా, తర్వాత తీసేశారు. ఆమె నేరం చేసిందో లేదో నేను తీర్పు చెప్పను. అందరికీ ఒకే రకం కథ కావాలనిపించినప్పుడు పల్లెటూరి పేద మనుషుల నెత్తిన ఏం వచ్చి పడుతుందో చూడమంటున్నాను.

ఇవేవీ నిన్ను బెదరగొట్టడానికి కాదు. ఈ విచారణ కాగితాల్లో ఉన్న సంపద ఎంతటిదో నీకు చెప్పాలని. చదువురాని పాలేర్లు, చంటిపిల్లల్ని ఇంట్లో వదిలి పరిగె ఏరుకోడానికి పోయిన తల్లులు, నిప్పంటుకున్న గౌను, నూతి గట్టు, బండి చక్రం. వీళ్ల మాట ఇంకెక్కడా రాతలో లేదు. కరోనర్ తన చేత్తో రాసుకున్న సాక్ష్యం కింద సంతకం రానివాళ్లు అడ్డంగా నిలువుగా రెండు గీతలు గీసేవాళ్లు. ఆ రోజు పొద్దున ఏం వండారు, ఎవరు ఎవర్ని ఎక్కడ చూశారు, చివరి మాట ఏమిటి, అన్నీ అందులో ఉంటాయి. కథకి నీకింకేం కావాలి?

ఈ కథని గోదావరి జిల్లాకి మార్చి తెలుగు కరోనర్ని పెట్టనా అని అడిగావు. వద్దు. మన దేశంలో కరోనర్ కలకత్తా, బొంబాయి లాంటి పెద్ద నగరాలకే ఉండేవాడు. మద్రాసు ప్రెసిడెన్సీ పల్లెల్లో 1816 రెగ్యులేషన్ నుంచి ఆ పని గ్రామ మునసబుది. ఊళ్లో పెద్దమనుషుల్ని కూచోబెట్టుకుని శవాన్ని చూసేవాడు. మునసబుల్ని తీసేసింది 1984లో. అది వేరే కథ, వేరే మనుషులు, వేరే కులాల లెక్కలు. నువ్వుండేది నార్‌ఫోక్‌లో. ఆ చెరువు గట్టు మీద రోజూ నడుస్తున్నానని రాశావు. ఆ ఊరినే రాయి.

ఇప్పుడు చెయ్యాల్సిన పని. తల్లి సాక్ష్యంతో మొదలుపెట్టు. 1851 జనాభా లెక్కలు ఎలాగూ చూడొచ్చు కదా, జ్యూరీలో నీకు దొరికిన పేర్లు పట్టుకుని ఎవరి ఇల్లు ఎక్కడుంది, ఎవరి వృత్తి ఏమిటి, ఎవరింట్లో ఆ వయసు ఆడపిల్లలున్నారు, అన్నీ రాసుకో. చర్చి ఖననాల రిజిస్టరులో ఆ పిల్ల పేరు ఉందేమో వెతుకు. విచారణకీ ఖననానికీ మధ్య ఎన్ని రోజులున్నాయో చూడు. ఆ పేపరు కత్తిరింపు నకలు ఒకటి నాకూ పంపు. సాక్షుల మాటలున్న కాలమ్ స్కాన్‌లో సగం తెగిపోయింది, ఈసారి పూర్తిగా పడేలా చూడు.

ఉంటాను.