పేరు పక్కన పని కూడా రాసుకో

చి.సౌ. అమ్మాయికి మాస్టారు ఆశీర్వదించి రాసేది.

మొన్న ఫోన్లో నువ్వడిగిన మాట నా చెవిలో అలాగే ఉండిపోయింది. "మాస్టారూ, పిల్లల తల్లిదండ్రులతో స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ ఎన్నిక పెట్టాలి. ఎవరొస్తే తలనొప్పి ఉండదో ఊళ్లో పెద్దల్ని అడగమంటారా?" అన్నావు. కొత్తగా హెడ్‌మిస్ట్రెస్ అయినప్పుడు ఈ టెన్షన్ ఎవరికైనా ఉంటుంది. అడగొద్దు అన్నాను కానీ, ఎందుకో చెప్పేలోగా నీ బస్సు వచ్చేసింది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

హెడ్‌మాస్టరే కమిటీకి కన్వీనర్ కదా, నేను మొదటిసారి కన్వీనర్‌గా ఉన్నప్పుడు సరిగ్గా ఆ పనే చేశాను. ఆ బడి పేరు ఇక్కడ అవసరం లేదు. పెద్దలు ఒక కాగితం ఇచ్చారు. తరగతుల వారీగా ఆ పేర్లు చదివాను, చేతులెత్తించాను, పావుగంటలో ఎన్నిక అయిపోయింది. ఎరువుల కొట్టు ఆయన, రెండు ట్రాక్టర్లున్న రైతు, చిన్న చిన్న కాంట్రాక్టులు చేసే మరొకాయన, మహిళల స్థానాల్లో ఎక్కువగా వాళ్ల ఇళ్లలోని ఆడవాళ్లే. అందరూ మర్యాదస్తులు. రెండేళ్లలో నేను రాసిన ఒక్క తీర్మానాన్ని కూడా ఎవరూ కాదనలేదు. కానీ వాళ్ల పిల్లలు మధ్యాహ్నం ఇంటికెళ్లి భోంచేసి వచ్చేవాళ్లు. బడిలో పప్పు నీళ్లలా ఉంటోందని కమిటీలో ఒక్కరికీ తెలియదు. ఆ రెండేళ్లలోనే కాలనీ నుంచి వచ్చే పిల్లలు ఏడుగురు బడి మానేశారు. మినిట్స్ పుస్తకంలో వాళ్ల గురించి ఒక్క వాక్యం లేదు. ఆ తప్పు నాది. ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

చట్టం ఈ సంగతి ముందే ఆలోచించింది తల్లీ. 2009 విద్యా హక్కు చట్టం 21వ సెక్షన్ తీసి నెమ్మదిగా చదువు. కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులో సంరక్షకులో అయి ఉండాలి. మొత్తంలో సగం మంది మహిళలు ఉండాలి. బలహీన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు వాళ్ల సంఖ్యకు తగ్గ చోటు దక్కాలి. మన రాష్ట్రం 2011లో ఇచ్చిన నియమాల ప్రకారం తరగతికి ముగ్గురు, వాళ్లలో కనీసం ఇద్దరు ఆడవాళ్లు. నీది ఐదు తరగతుల బడి కాబట్టి 15 మంది. ఛైర్‌పర్సన్, వైస్ ఛైర్‌పర్సన్ ఆ పదిహేను మందిలోంచే రావాలి. అననుకూల పరిస్థితుల్లో ఉన్నవాళ్లు అనగానే మనకు ఎస్సీ, ఎస్టీలు మాత్రమే గుర్తొస్తారు. అనాథలు, వలస కుటుంబాల పిల్లలు, ప్రత్యేక అవసరాలున్న పిల్లలు కూడా ఆ మాటలోనే ఉన్నారు. ఇక చదువు సంగతి. సభ్యులు ఎంతవరకు చదివి ఉండాలో చట్టం ఎక్కడా అడగలేదు. బిడ్డ ఈ బడిలో చదువుతుంటే చాలు. 1998లో సమాజ భాగస్వామ్య చట్టంతో విద్యా కమిటీలు వచ్చినప్పటి నుంచీ నేను చూస్తున్నాను, "వేలిముద్ర వాళ్లతో కమిటీ ఏం నడుస్తుంది" అనే మాట మాత్రం మన స్టాఫ్ రూముల్లోంచి పోలేదు. ఆ మాట నీ బడిలో ఎవరన్నా అంటే ఊరుకోవద్దు.

ఇప్పుడు నువ్వు చేయాల్సిన పని. అడ్మిషన్ రిజిస్టర్‌లో తండ్రి వృత్తి అని ఒక గడి ఉంటుంది కదా. మన మార్కాపురం వైపు బడుల్లో సగం చోట్ల అందులో "కూలి" అని ఉంటుంది. అక్కడితో ఆగిపోవద్దు. ఏం కూలి? మిరప కోతలా, బేల్దారి పనా, పలకల ఫ్యాక్టరీలో రాయి కోసే పనా, హైదరాబాద్‌లో వాచ్‌మన్ పనా? ఒక నోట్‌బుక్ పెట్టుకో. సాయంత్రాలు పిల్లల ఇళ్లకు వెళ్లు. అమ్మ పేరు, నాన్న పేరు రాసి, పక్కన ఏం పని చేస్తారో, అంతకు ముందు ఏం చేశారో, ఏ ఊళ్లు తిరిగారో రాసుకో. ఎన్నుకోవాల్సింది వాళ్లు, నువ్వు కాదు. ఆ గీత ఎప్పుడూ దాటకు. కానీ నువ్వు వాళ్ల గడప తొక్కితే, ఎన్నిక అనేది తమ కోసమని వాళ్లకు తెలుస్తుంది. సగం మంది తల్లిదండ్రులైనా రాకపోతే ఎన్నిక వాయిదా వేయాలని నియమం. వాళ్లు వచ్చేలా చేసేది నోటీసు బోర్డు కాదు, నువ్వు.

నా రెండో బడిలో అలా వచ్చిన కమిటీ గురించి చెప్తాను.

ఒకాయన బేల్దారి మేస్త్రి. 2019 నవంబరు 14న ఒంగోలులో, ప్రభుత్వ బడులను బాగుచేసే నాడు-నేడు పథకం మొదలుపెట్టారు గుర్తుందా? మొదటి విడతలో 15,715 బడులు. పనులు కాంట్రాక్టర్లకు కాకుండా తల్లిదండ్రుల కమిటీల చేతికే ఇచ్చారు. మా బడికి మొదటి లోడు ఇసుక వచ్చిన రోజు నేను బిల్లు చూస్తున్నాను. ఆయన గుప్పెడు ఇసుక తీసి అరచేతిలో నలిపాడు. చెయ్యి దులిపితే మట్టి అంటుకునే ఉంది. ఒక సీసాలో ఇసుక పోసి, నీళ్లు పోసి, ఊపి కిటికీలో పెట్టాడు. కాసేపటికి ఇసుక మీద వేలెడు బురద పేరుకుంది. "సార్, దీంతో పూత పూస్తే రెండేళ్లకు పెచ్చులూడతాయి" అన్నాడు. లోడు వెనక్కి పోయింది. తోలినవాళ్లు నా మీద కోప్పడ్డారు, పడనీ అనుకున్నాను. పూత అయ్యాక ఆయన తాపీ పిడితో గోడంతా కొట్టుకుంటూ వెళ్లి, డొల్లగా మోగిన చోటల్లా బొగ్గుతో గీత గీశాడు. నాకు రెండు డిగ్రీలున్నాయి, ఆ చప్పుడులో తేడా మాత్రం నా చెవికి తెలియలేదు.

ఇంకొకామె పెళ్లిళ్లకు వంటకు సాయం వెళ్లేది. మధ్యాహ్న భోజనంలో ఒకటి నుంచి ఐదు వరకు పిల్లాడికి 100 గ్రాముల బియ్యం కదా. ఆ రోజు అరవై మంది వచ్చారు, అంటే ఆరు కేజీలు. ఆమె వండిన గిన్నె చూసి, "ఇది ఐదు కేజీల అన్నం కూడా కాదు సార్" అంది. వంట చేసే ఆమె మీద అరవలేదు, అది ఆమె గొప్పతనం. పక్కకు పిలిచి అడిగితే, మూట తూకమే తక్కువ వస్తోందని ఏడ్చిందట. తర్వాత వచ్చిన మూటలను కమిటీ ముందే కాటా వేయించాం. తక్కువే ఉన్నాయి. ఆ రోజు నుంచి తూకం వేయకుండా ఏ మూటా దించలేదు. వంట మనిషిని అనుమానించి ఉంటే అసలు సంగతి బయటపడేది కాదు.

ఇక మూడో ఆమె గురించి నేను ఎక్కువ చెప్పాలి. కాలనీ నుంచి వచ్చింది. చిన్నప్పుడు మూడో తరగతిలో ఉండగా అమ్మానాన్నలతో బెంగళూరు బిల్డింగ్ పనికి వెళ్లిపోయి మళ్లీ బడి మొహం చూడలేదు. వేలిముద్ర. మొదటి రెండు మీటింగుల్లో నోరు విప్పలేదు. మూడోది సెప్టెంబరులో. నేను హాజరు శాతం చదువుతున్నాను. ఆమె లేచి, "సార్, దసరాకి కూలీల్ని వలస పనికి తీసుకెళ్లే మేస్త్రీ అడ్వాన్సులు ఇస్తాడు. అడ్వాన్సు తీసుకున్నాక ఇంక ఆ ఇల్లు ఆగదు. పిల్లల గురించి అడిగితే ఇప్పుడే అడగాలి" అంది. నేను ఎన్నేళ్లుగానో ఏం చేస్తున్నానో తెలుసా? వాళ్లు వెళ్లిపోయాక రిజిస్టర్‌లో ఎర్ర సిరాతో ఆబ్సెంట్ వేస్తున్నాను.

ఆ వారమే ఆమె, అంగన్‌వాడీ టీచరు కలిసి తొమ్మిది ఇళ్లకు వెళ్లారు. ఏ ఇంట్లో అప్పుందో, ఏ ఇంట్లో అవ్వకు పిల్లల్ని చూసుకునే ఓపిక ఉందో ఆమెకు తెలుసు. నాలుగిళ్లలో పిల్లల్ని అవ్వ దగ్గర ఉంచడానికి ఒప్పుకున్నారు. మరో రెండిళ్ల నుంచి ఇద్దరు పిల్లల్ని, వలస వెళ్లేవాళ్ల పిల్లల కోసం నడిపే సీజనల్ హాస్టల్‌లో చేర్చాం. మిగిలిన మూడిళ్ల వాళ్లు పిల్లలతో సహా వెళ్లిపోయారు. ఆ మూడిళ్లను ఆమె ఎన్నాళ్లూ మరిచిపోలేదు. "నన్ను ఆపడానికి అప్పుడు ఎవరూ రాలేదు సార్" అంది ఒకసారి, మామూలుగానే. నేను జవాబు చెప్పలేకపోయాను.

వినికిడో నడకో ఇబ్బంది ఉన్న బిడ్డ తల్లి ఒకరు కమిటీలో ఉండేలా చూడు. మా దగ్గర ర్యాంపు కట్టారు. ర్యాంపు దిగాక బాత్రూమ్ ముందు ఒక మెట్టు అలాగే వదిలేశారు. ఇంజినీరుకు కనపడలేదు, నాకూ కనపడలేదు. రోజూ బిడ్డను ఎత్తుకుని తిరిగే తల్లికి కనపడింది.

అయితే ఇక్కడొక ప్రమాదం ఉంది, జాగ్రత్తగా విను. పేరు పక్కన పని రాసుకోమన్నాను కదా అని మనిషిని ఆ పనికే కట్టేయకు. మేస్త్రిని గోడల కోసం, వంటామెను గిన్నెల కోసం పిలిచి మిగతా మీటింగంతా వాళ్లను మౌనంగా కూర్చోబెడితే అది కులవృత్తిని బడిలోకి తేవడమే అవుతుంది. బట్టలుతికే ఇంటి నుంచి వచ్చిన సభ్యురాలిని ఎవరో టేబుల్ క్లాత్ ఉతికి తెమ్మన్నారు ఒకసారి. నేను అక్కడే ఉన్నాను, ఆ గుడ్డ నేనే ఇంటికి తీసుకెళ్లి ఉతికాను. మా మేస్త్రి పనులన్నీ అయ్యాక ఒకరోజు, "గోడలు బాగున్నాయి సార్. మావాడు నాలుగో తరగతి. నాలుగు ముక్కలు కూడబలుక్కుని చదవలేకపోతున్నాడు. దానికేం చేద్దాం?" అన్నాడు. ఆయన నుంచి ఆ ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు, అనుకోనందుకు సిగ్గుపడ్డాను. తర్వాత ప్రతి మీటింగ్‌లో తరగతికో పిల్లవాడు వచ్చి ఒక పేజీ పైకి చదవాలని తీర్మానం చేశాం. మా టీచర్లకు మొదట ఇబ్బందిగా ఉండింది. మూడు నెలల్లో మా దగ్గర చదివే తీరు మారింది.

కొన్ని చిన్న విషయాలు. మీటింగ్ పొద్దున పదకొండుకు పెడితే కూలికి వెళ్లేవాళ్లు రారు, రాకపోతే శ్రద్ధ లేదని మనమే అంటాం. వాళ్లనే అడిగి టైం పెట్టు. సభ్యురాలి బదులు భర్త వస్తే టీ ఇచ్చి మర్యాదగా, "అన్నా, అక్క వస్తేనే మొదలుపెడతాం" అని చెప్పు. ఒక్కసారి గట్టిగా ఉంటే చాలు. సంతకాల కోసం పుస్తకాన్ని పిల్లలతో ఇళ్లకు పంపకు, ఎప్పుడూ పంపకు. తీర్మానం మొత్తం పైకి చదివి వినిపించాకే సంతకమైనా, వేలిముద్రైనా. కుర్చీలు అందరికీ సరిపోతే అందరూ కుర్చీల్లో, సరిపోకపోతే నువ్వూ వార్డు మెంబరుతో సహా అందరూ పట్టాల మీద. కొందరు కుర్చీల్లో, కొందరు గుమ్మం దగ్గర నిలబడే మీటింగ్ నీ బడిలో జరగకూడదు.

వార్డు మెంబరు, అంగన్‌వాడీ టీచరు, ఏఎన్ఎం, మహిళా సమాఖ్య అధ్యక్షురాలు పదవిరీత్యా వస్తారు. వాళ్లలో సమాఖ్య ఆమెను దగ్గర పెట్టుకో. గ్రూపు లెక్కలు రాసి రాసి వాళ్లకు బ్యాంకు పాస్‌బుక్ చూడటం మనకంటే బాగా వస్తుంది. నీ బడిలో 31 నుంచి 100 మంది లోపు పిల్లలుంటే బడి ఖర్చులకు సమగ్ర శిక్ష పథకం కింద వచ్చే కాంపోజిట్ గ్రాంటు ఏడాదికి 25,000 రూపాయలు. చిన్న మొత్తమే, కానీ దేనికి ఖర్చయిందో గోడ మీద రాయించు. ఎన్నికైన కమిటీ బయటి నుంచి చేర్చుకునే కో-ఆప్షన్ స్థానాలను ఊళ్లో పలుకుబడి చూసి ఇవ్వకు. ఆ బడిలోనే చదివి పైకొచ్చిన వాళ్లెవరన్నా ఉన్నారేమో వెతుకు.

మా అమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది కదా, అక్కడ స్కూల్ బోర్డుకు జనం ఓట్లేస్తారు. సభ్యులకు జీతం ఉండదు. పోటీ చేసేవాళ్లు నేను అకౌంటెంట్‌ని, నేను రిటైర్డ్ టీచర్‌ని, నాకు ముగ్గురు పిల్లలు అని కరపత్రం వేసుకుంటారట. మన తెలుగువాళ్లు కూడా పోటీ చేస్తున్నారని చెప్పింది. విన్నప్పుడు నాకు మా కాలనీ ఆమె గుర్తొచ్చింది. "మూడో తరగతిలో బడి మానేసి బెంగళూరు పోయినదాన్ని" అని ఏ కరపత్రం మీదా ఎవరూ రాసుకోరు. మా కమిటీలో అందరికంటే పనికొచ్చిన అనుభవం అదే.

2024 ఆగస్టు 8న రాష్ట్రమంతా ఒకేరోజు ఈ ఎన్నికలు జరిగినప్పుడు నేను రిటైరై ఉన్నాను, అయినా మా పాత బడికి వెళ్లి చెట్టు కింద కూర్చున్నాను. ఆమె బిడ్డ హైస్కూలుకు వెళ్లిపోయింది కాబట్టి ఆమె కమిటీలో లేదు. అయినా వచ్చింది, కాలనీ ఆడవాళ్లందరినీ వెంటబెట్టుకుని. లోపల చేతులెత్తుతుంటే బయట నిలబడి లెక్కపెట్టింది.

నువ్వు ఈ వారమే ఇళ్లకు వెళ్లడం మొదలుపెట్టు. మిరప నాట్లు పడితే సాయంత్రం ఏడు దాకా ఎవరూ దొరకరు. కాలనీలో కుక్కలున్నాయన్నావు, తోడుగా అంగన్‌వాడీ టీచర్ని తీసుకెళ్లు. నోట్‌బుక్ నిండాక ఒకసారి పట్టుకుని రా. కూర్చుని చదువుదాం, అమ్మ నీకోసం గోంగూర పచ్చడి పెట్టి ఉంచింది.

ఇట్లు,
మీ మాస్టారు