వాటర్‌షెడ్ పనికి వెళ్తున్న మా అమ్మాయికి

చిరంజీవికి పెద్దనాన్న ఆశీస్సులు.

ఏడాది పాటు వాటర్‌షెడ్ పనిలో, అంటే గుట్ట మీద పడ్డ వాన నీళ్లనీ మట్టినీ కొట్టుకుపోకుండా ఆపే పనిలో ఉంటావని, బడిపిల్లలకి నేల గురించీ నీళ్ల గురించీ చెప్తావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. చాలా సంతోషం తల్లీ. ఈ పనిలోనే జుట్టు నెరిసినవాణ్ని కాబట్టి నువ్వు అడక్కపోయినా నాలుగు మాటలు రాస్తున్నాను.

వెళ్లగానే పార పట్టుకోకు. ముందు ఆ ప్రాంతమంతా కాలినడకన తిరుగు. వాన పడుతున్నప్పుడైతే మరీ మంచిది. నీళ్లు ఎక్కడ పుడుతున్నాయి, ఏ పాయ ఎక్కడ కలుస్తోంది, తేటగా ఉన్న నీళ్లు ఎక్కడికొచ్చేసరికి ఎర్రబడుతున్నాయి, ఇవన్నీ అప్పుడే కళ్లారా కనిపిస్తాయి. ఒంటరిగా మాత్రం వెళ్లకు. ఉరుములు, మెరుపులు ఉంటే గుట్ట ఎక్కనే వద్దు. పారే వాగులో దిగకు. మోకాళ్ల లోతే కదా అనిపిస్తుంది గానీ, వడి ఉంటే ఆ కాసిని నీళ్లే మనిషిని పడేస్తాయి.

పని ఎప్పుడూ మిట్ట నుంచి పల్లానికి సాగాలి. కొత్తగా వచ్చినవాళ్లకి కింద వాగు మీద చెక్‌డ్యామ్ కట్టేయాలని తొందరగా ఉంటుంది. అది అందరికీ కనిపిస్తుంది, ఫొటోలో బాగుంటుంది. పైన గుట్ట బోడిగా ఉండగా కింద కడితే కొట్టుకొచ్చిన మట్టితో త్వరలోనే పూడిపోతుంది. హెక్టారు నేల మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే లక్ష లీటర్లు. అన్ని నీళ్లనీ కింద ఒకేచోట ఆపడం కంటే, పడ్డచోటే కొంచెం కొంచెంగా ఇంకనివ్వడం తేలిక.

అందుకే గుట్ట వాలుకి అడ్డంగా, ఒకే మట్టంలో కందకాలు తీస్తాం. మట్టం చూడ్డానికి పెద్ద మెషీన్లు అక్కర్లేదు. రెండు సమానమైన కర్రల్ని పైకొసల దగ్గర కట్టి, కాళ్లు ఎడంగా పెట్టి, మధ్యలో అడ్డకర్ర బిగించి, పైనుంచి దారంతో ఒక రాయిని వేలాడదీస్తే ఏ-ఫ్రేమ్ తయారు. దాన్ని నిలబెట్టి, దారం అడ్డకర్రని తాకినచోట గీత పెట్టు. తర్వాత ఒక కాలున్న చోటికి రెండోది వచ్చేలా తిప్పి నిలబెట్టి, ఇంకో గీత పెట్టు. ఆ రెండు గీతలకీ సరిగ్గా నడిమధ్యన పెట్టే గుర్తే నీ మట్టం. దారం ఆ గుర్తు మీద నిలిచిందంటే కాళ్లు రెండూ ఒకే ఎత్తులో ఉన్నట్టు. అలా కాలు మార్చి కాలు వేసుకుంటూ, ప్రతిచోటా ముగ్గు చల్లుకుంటూ పో. గాలికి దారం ఊగి విసిగిస్తుంది కాబట్టి గాలి లేని పూట చూసుకో. తవ్విన మట్టిని కందకానికి కిందివైపే గట్టుగా పొయ్యి.

వాన నీళ్లు కోసిన గండ్లలో అడ్డంగా వేసే రాతికట్టలు నడుమ తగ్గుగా, అంచుల దగ్గర ఎత్తుగా ఉండాలి. అలా లేకపోతే నీళ్లు పక్కకి మళ్లి ఒడ్డుని కోసేస్తాయి. కట్ట రెండు కొసలూ ఒడ్డులోకి చొచ్చుకుపోవాలి.

ఇంత చేసినా, ఆ గుట్ట మీద బతికేవాళ్లతో మాట్లాడకపోతే ఏదీ నిలవదు. అన్నింటికంటే ముఖ్యం ఇదే. చండీగఢ్‌లో 1958లో కట్టిన సుఖ్నా సరస్సు కొన్నేళ్లకే పూడిపోవడం మొదలైంది. ఆ మట్టి ఎక్కణ్నుంచి వస్తోందని వెతుక్కుంటూ పోతే శివాలిక్ కొండల్లోని సుఖోమాజ్రి అనే చిన్న ఊరు తేలింది. పశువులు మేసి మేసి కొండంతా బోడైపోయింది. 1970ల్లో నేల సంరక్షణ శాస్త్రవేత్త పి.ఆర్. మిశ్రా, ఆయనతో పనిచేసినవాళ్లు అక్కడ చిన్న మట్టికట్టలు కట్టించారు. ఆ కట్టల వెనక నిలిచిన నీళ్లలో భూమి లేనివాళ్లతో సహా ప్రతి కుటుంబానికీ వాటా ఉండాలని ఊరు నిర్ణయించుకుంది. అప్పుడు కొండ మీద మేపడం వాళ్లంతట వాళ్లే ఆపుకున్నారు, కంచె అవసరం రాలేదు. కాబట్టి కందకం తీయబోయే ముందు, దీనివల్ల ఎవరి మేత పోతుంది, ఎవరి బావిలోకి నీళ్లొస్తాయి అని అడుగు. ఆ ఇద్దరూ ఒక్కరు కాకపోతే ముందు ఆ లెక్క తేల్చాలి.

ఇక బడి సంగతి. పాఠం చెప్పొద్దు, పిల్లల్ని నిదానంగా పారే లోతులేని వాగు దగ్గరికి తీసుకెళ్లు, పక్కన పెద్దవాళ్లు ఉండాలి. నీళ్లలో ఉన్న రాయిని మెల్లగా తిప్పి, అడుగున అంటుకున్న పురుగుల్ని తెల్లని ట్రేలోకి దులపమను. స్టోన్‌ఫ్లై అనే పురుగు పిల్లలు, రెండు తోకలవి, కనిపిస్తే ఆ నీళ్లు శుభ్రంగా, ప్రాణవాయువు బాగా ఉన్నట్టు. ఎర్రటి సన్న పురుగులు తప్ప ఇంకేమీ లేకపోతే, ఎగువన ఏం కలుస్తోందో చూడాల్సిందే. నువ్వు చెప్పకముందే పిల్లలే అడుగుతారు. చూసిన పురుగుల్ని వదిలేసి, రాయిని ఎలా ఉన్నదాన్ని అలాగే పెట్టించు.

రిపోర్టులో ఎన్ని మొక్కలు నాటామో రాయడం మామూలే. నువ్వు మాత్రం ఎండాకాలం దాటాక ఎన్ని బతికాయో కూడా రాయి. ఫొటోలు ప్రతిసారీ ఒకే చోట నిలబడి, ఒకే వైపుకి తియ్యి. నోట్సు పెన్సిల్‌తో రాసుకో, పెన్ను సిరా తడిస్తే చెరిగిపోతుంది.

బయల్దేరేలోగా ఇంట్లోనే ఒక ఏ-ఫ్రేమ్ కట్టి చూడు. గీతలు కుదరకపోతే ఫోన్ చెయ్యి, దగ్గరుండి చెప్తాను.

ఉంటాను తల్లీ,
మీ పెద్దనాన్న