డ్యూటీలో వెంట ఉంచుకోవడానికి పాకెట్ పుస్తకం మంచిదా, యాప్ మంచిదా?

మెడికల్ వార్డులో స్టాఫ్ నర్స్‌గా కొత్తగా చేరుతున్నానని, కొందరు పాకెట్ డ్రగ్ బుక్ కొనమంటుంటే ఇంకొందరు ఫోన్ ఉండగా పుస్తకం దండగ అంటున్నారని, ఏది ఎంచుకోవాలో తెలియడం లేదని అడిగారు. మొదట వార్డులో, తర్వాత ఐసీయూలో పనిచేశాను కాబట్టి నా అనుభవం చెబుతాను. పుస్తకమా యాపా అన్నది తర్వాత చూసుకోవచ్చు. బెడ్ పక్కన నిలబడి మీరు వెతికేది ఏమిటో ముందు తేల్చుకోండి.

ఆ సమయంలో జబ్బు నిర్వచనం ఎవరికీ అక్కర్లేదు. ఈ ఇంజెక్షన్ దేంట్లో కలపాలి, ఎంతలో కలపాలి, ఎంతసేపట్లో ఎక్కించాలి, అదే లైన్‌లో ఇంకో మందు పోతుంటే ఇవ్వొచ్చా, ఈ మాత్ర పొడిచేసి ట్యూబ్‌లో వేయొచ్చా? నేను వెతికినవాటిలో చాలా భాగం ఇవే. చిన్న సైజు పుస్తకాలు చాలావరకు విద్యార్థుల కోసం రాసినవి. నర్సింగ్ డయాగ్నసిస్‌లు, కేర్ ప్లాన్‌లు వాటిలో దండిగా ఉంటాయి, నరంలోకి (ఐవీ) మందు ఎలా ఇవ్వాలో మాత్రం ఒక్క లైన్‌లో తేల్చేస్తారు. పరీక్షకు బాగానే పనికొస్తాయి, నైట్ డ్యూటీలో కాదు.

అందుకే కొనేముందు చిన్న పరీక్ష పెట్టండి. మీ వార్డులో తరచుగా వాడే నాలుగైదు మందులు తీసుకుని వెతకండి. ఫెనిటాయిన్ నార్మల్ సెలైన్‌లోనే కలపాలని, డెక్స్ట్రోజ్‌లో కలిపితే స్ఫటికాలు కడుతుందని, పెద్దవాళ్లకు నిమిషానికి 50 మిల్లీగ్రాములు దాటకూడదని అందులో ఉందా? వాంకోమైసిన్ 1 గ్రాము కనీసం 100 నిమిషాలు ఎక్కించాలని, త్వరగా పోతే ఒళ్లంతా ఎర్రబడి బీపీ పడిపోవచ్చని ఉందా? రింగర్ లాక్టేట్ అనే సెలైన్‌లో కాల్షియం ఉంటుంది కాబట్టి సెఫ్ట్రియాక్సోన్ దాంతో కలపకూడదని ఉందా? పొటాషియం క్లోరైడ్ పలచన చేయకుండా నేరుగా ఎప్పుడూ ఇవ్వకూడదన్న హెచ్చరిక కంటికి కొట్టొచ్చినట్టు కనబడుతోందా? వీటికి అర నిమిషంలోపు జవాబు దొరికితే తీసుకోండి. దొరక్కపోతే అట్ట మీద ఎంత పెద్ద పేరున్నా వదిలేయండి.

ఇంకో సంగతి, అది ఏ దేశం కోసం తయారైందో చూడండి. అమెరికా పుస్తకాల్లో, మెడ్‌స్కేప్ లాంటి యాప్‌లలో పారాసిటమాల్ అసిటమినోఫెన్ పేరుతో, సాల్బుటమాల్ ఆల్బ్యుటెరాల్ పేరుతో ఉంటాయి. హడావుడిలో మందు దొరకలేదని వెనక్కి వచ్చేస్తాం. ల్యాబ్ యూనిట్లూ అంతే. ఒకచోట గ్లూకోజ్ మిల్లీమోల్స్‌లో ఇస్తారు, ఇంకోచోట మిల్లీగ్రాముల్లో. మిల్లీమోల్స్‌ని 18తో గుణిస్తే డెసిలీటరుకు మిల్లీగ్రాములు వస్తాయి. బ్రిటన్ వాళ్ల మందుల పుస్తకం బీఎన్ఎఫ్ (బ్రిటిష్ నేషనల్ ఫార్ములరీ) నాకు చాలా ఇష్టం, అచ్చు పుస్తకం ఏటా రెండుసార్లు కొత్తగా వస్తుంది. కానీ అది జేబులో పట్టే వస్తువు కాదు, నర్సింగ్ స్టేషన్‌లో ఉంటే చాలు.

యాప్‌ల విషయంలో నేను చూసేది నెట్ లేకుండా పనిచేస్తుందా లేదా అన్నదే. ఐసీయూల్లో, బేస్‌మెంట్లలో సిగ్నల్ అందదు. సమాచారం ముందే డౌన్‌లోడ్ అయి ఉండాలి, తెరిచిన ప్రతిసారీ లాగిన్ అడగకూడదు. మందుల మధ్య ఇంటరాక్షన్లు, అంటే ఒక మందు ఇంకో మందు మీద చూపే ప్రభావం, చూడటంలో మాత్రం ఏ పుస్తకమూ యాప్‌కి సాటిరాదు. డోసు కోసం గూగుల్‌లో వెతకడం, చాట్‌బాట్‌ని అడగడం వద్దు. జవాబు ఎక్కడి నుంచి వచ్చిందో, ఎప్పటిదో తెలియకుండా సిరంజిలోకి మందు లాగకూడదు.

ఫోన్‌తో ఇంకో తలనొప్పి ఉంది. మీరు డోసు చూసుకుంటుంటే పేషెంట్ తాలూకు వాళ్లు వాట్సాప్ చూస్తున్నారనుకుంటారు. "మీవాళ్ల మందు ఒకసారి సరిచూస్తున్నానండీ" అని పైకే చెప్పేస్తాను, గొడవ ఉండదు. గ్లవ్స్‌తో ఫోన్ ముట్టుకోకండి, డ్యూటీ అయ్యాక ఆల్కహాల్ వైప్‌తో తుడవండి. కొన్ని ఆసుపత్రుల్లో బెడ్ దగ్గర ఫోన్ అసలు తీయనివ్వరు, చేరిన రోజే కనుక్కోండి.

నిజానికి నేను ఎక్కువగా తెరిచేది పుస్తకమూ కాదు, యాపూ కాదు. స్పైరల్ బైండింగ్ ఉన్న నా చిన్న డైరీ. మీరూ ఒకటి మొదలుపెట్టండి. అందులో వార్డులో వాడే ఇన్‌ఫ్యూజన్ల డైల్యూషన్లు (ఏ మందు ఎంతలో కలపాలో), డ్రిప్ లెక్కలు, ఎక్స్‌టెన్షన్ నంబర్లు ఉంటే చాలు. మందు పరిమాణం ఎప్పుడూ మిల్లీగ్రాముల్లోనో యూనిట్లలోనో రాయండి. "రెండు ఆంప్యూళ్లు" అని రాస్తే, ఫార్మసీ ఇంకో కంపెనీ సరుకు తెప్పించిన రోజున ఆ నోట్ ప్రమాదమవుతుంది. హెపారిన్ మిల్లీలీటరుకు 1,000 యూనిట్లదీ ఉంది, 5,000దీ ఉంది. ఇన్సులిన్ 40దీ ఉంది, 100దీ ఉంది, దేని సిరంజి దానికే. యూనిట్లు అన్న మాట పూర్తిగా రాయండి, ఒక్క యు అక్షరం రాస్తే సున్నాలా కనబడుతుంది. 5.0 అని రాయకండి, చుక్క కనబడకపోతే 50 అవుతుంది. మందుల పొరపాట్లు తగ్గించడానికి పనిచేసే అమెరికాలోని ఐఎస్ఎంపీ అనే సంస్థ ఇలాంటి రాతలన్నీ ఒక జాబితాగా పెట్టింది, ఒకసారి తప్పక చదవండి. ప్రతి నోట్ పక్కన తేదీ, ఎక్కడ చూసి రాశారో వేసుకోండి. పేషెంట్ల పేర్లు మాత్రం అందులో ఎక్కించొద్దు, డైరీ ఎక్కడైనా మర్చిపోవచ్చు.

డ్రిప్ లెక్క ఒక్కటి ఇక్కడే రాసేస్తాను. మొత్తం మిల్లీలీటర్లను సెట్ డ్రాప్ ఫ్యాక్టర్‌తో (ఒక మిల్లీలీటరుకు ఎన్ని చుక్కలో ఆ సంఖ్యతో) గుణించి నిమిషాలతో భాగించాలి. 500 మిల్లీలీటర్లు 4 గంటల్లో, 20 చుక్కల సెట్‌తో అయితే నిమిషానికి సుమారు 42 చుక్కలు. 60 చుక్కల మైక్రో సెట్ అయితే గంటకు ఎన్ని మిల్లీలీటర్లో నిమిషానికి అన్నే చుక్కలు, అంటే 125.

వీటన్నిటికంటే పైమాట మీ ఆసుపత్రి ప్రోటోకాల్‌ది. పుస్తకంలో ఒకటి, ప్రోటోకాల్‌లో ఇంకొకటి కనబడితే మీ అంతట మీరు తేల్చుకోకుండా ఇన్‌ఛార్జి సిస్టర్‌నో ఫార్మసిస్ట్‌నో అడగండి. గ్లాస్గో కోమా స్కేల్ (పేషెంట్ స్పృహ ఎంత ఉందో కొలిచే స్కోరు), రక్తం తీసేటప్పుడు ట్యూబుల వరుస లాంటివాటికి బ్యాడ్జి వెనక పెట్టుకునే లామినేటెడ్ కార్డులు చాలు, తుడుచుకోవడమూ తేలిక.

పాత ఎడిషన్ కొనొచ్చా అని చివర్లో అడిగారు. గ్లాస్గో స్కేల్ 1974 నుంచి ఉంది, అలాంటివి పాత పుస్తకంలో చదివినా ఫర్వాలేదు. మందుల పుస్తకం మాత్రం పాతది వద్దు. సీపీఆర్ కార్డుల మీదా సంవత్సరం చూడండి. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2015లో, 2020లో, మళ్లీ 2025లో మార్గదర్శకాలు మార్చింది. సీనియర్లు ప్రేమతో ఇచ్చే కార్డులు చాలావరకు 2015 నాటివే.