పరగడుపున బరువులెత్తొచ్చా?

ప్రశ్న: ఉదయం ఐదున్నరకి జిమ్‌లో బరువులు, ఆదివారం అలిపిరి మెట్లు. ఏమీ తినకుండా వెళితే కొవ్వు త్వరగా కరుగుతుందంటున్నారు. నిజమేనా? - ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ఖాళీ కడుపుతో చేసేటప్పుడు ఒంట్లో కొవ్వు కాస్త ఎక్కువ ఖర్చవుతుంది, నిజమే. కానీ రోజు మొత్తం తిండి అంతే ఉంటే బరువు తగ్గడంలో తేడా రాదు. అరగంట నడకకో, సైకిల్‌కో మంచినీళ్లు చాలు.

బరువులకు మాత్రం ఏదైనా తినే వెళ్లండి. రాత్రంతా తినకపోతే కాలేయంలో దాచిన చక్కెర తగ్గుతుంది; స్క్వాట్లు చేస్తుంటే కొందరికి కళ్లు తిరిగేది అందుకే. అరగంట ముందు ఒక అరటిపండు, లేదా గ్లాసు పలుచని రాగిజావ చాలు. ఇడ్లీ, చెనిక్కాయల చట్నీ తింటే రెండు గంటలు ఆగాలి. చట్నీలోని నూనె కడుపులో నిదానంగా అరుగుతుంది, వంగి బరువెత్తితే పుల్లతేన్పులొస్తాయి.

అలిపిరి దారి 3,550 మెట్లు, అది చిన్న కార్డియో (గుండె వేగం పెంచే వ్యాయామం) కాదు. పండు తిని బయల్దేరండి, నీళ్లు గుక్కగుక్కగా తాగండి. షుగర్‌కి ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ మాత్ర గానీ వాడేవాళ్లు పరగడుపున అసలు ఎక్కొద్దు. చక్కెర మరీ పడిపోవచ్చు. డాక్టర్‌ని అడిగి, గ్లూకోజ్ పొడి జేబులో పెట్టుకునే బయల్దేరాలి.