బంగారు పూత కేబుల్‌తో బొమ్మ బాగుపడుతుందా?

ప్రశ్న: 55 అంగుళాల 4కె టీవీ కొన్నాం. సెట్‌టాప్‌ బాక్స్‌ చానళ్లు మసగ్గా వస్తున్నాయి. బంగారు పూత ఉన్న రూ.3,000 హెచ్‌డీఎంఐ కేబుల్‌ వేస్తే బాగుపడుతుందని షాపులో చెప్పారు. పైసా కట్టకుండా ఓటీటీలన్నీ వచ్చే ఆండ్రాయిడ్‌ బాక్స్‌ కూడా ఒకటి ఆర్డర్‌ పెట్టాను. సరైనదేనా?

జవాబు: రెండూ వద్దు. పండగ సేల్‌ అయిన ప్రతిసారీ ఇదే కేబుల్‌ ప్రశ్న! ముందు టీవీ వెనక చూడండి. బాక్స్‌ నుంచి పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల తీగ వస్తోందంటే దొంగ దొరికినట్టే. ఆ పసుపు పిన్ను మోసేది 576 గీతల బొమ్మ. దాన్ని 2160 గీతల తెరకు సాగదీస్తే మసకే మిగులుతుంది. బాక్స్‌ హెచ్‌డీదైతే మామూలు హెచ్‌డీఎంఐ తీగ చాలు. ఎస్‌డీ (తక్కువ స్పష్టత) చానల్‌ మాత్రం ఏ తీగ వేసినా ఎస్‌డీయే.

హెచ్‌డీఎంఐలో వెళ్లేది అంకెలు. తీగ నాసిరకమైతే రంగులు వెలిసిపోవు. తెర మీద చుక్కలు మెరుస్తాయి, లేదా బొమ్మ రెప్పపాటు నల్లబడి తిరిగొస్తుంది. అవి లేకపోతే మీ తీగ బాగున్నట్టే. కొనాల్సి వస్తే డబ్బా మీద హెచ్‌డీఎంఐ వెర్షన్‌ ‘2.1’ అని అచ్చేశారని నమ్మకండి. 4కె 60 హెర్ట్జ్‌కు (సెకనుకు 60 బొమ్మలు) ‘ప్రీమియం హై స్పీడ్‌’ (18 జీబీపీఎస్‌), 120 హెర్ట్జ్‌ గేములకు ‘అల్ట్రా హై స్పీడ్‌’ (48 జీబీపీఎస్‌) లేబుల్‌ ఉండాలి. దాని మీది క్యూఆర్‌ కోడ్‌ను హెచ్‌డీఎంఐ వారి యాప్‌తో స్కాన్‌ చేసి చూసుకోండి. తీగ మార్చేటప్పుడు టీవీ, బాక్స్‌ రెండింటినీ స్విచ్‌బోర్డు దగ్గరే ఆపండి. ఎర్తింగ్‌ సరిగా లేని ఇళ్లలో పోర్టులు కాలేది అప్పుడే.

ఇక నాకు ఒళ్లు మండే సంగతి. చాలా టీవీల్లో పోర్టుకు పూర్తి సామర్థ్యం ఇచ్చే సెట్టింగ్‌ ఆఫ్‌లోనే వస్తుంది. ఎన్‌హాన్స్‌డ్‌, డీప్‌ కలర్‌ అంటూ కంపెనీకో పేరు, ఏడో మెనూలో దాక్కుని ఉంటుంది. డబ్బు తీసుకుని 4కె అమ్మినవాళ్లు దాన్ని తామే ఆన్‌ చేసి పంపొచ్చు కదా?

అసలు భయం ఆ ఆండ్రాయిడ్‌ బాక్స్‌తోనే. మోసగాళ్ల గుప్పిట్లోకి వెళ్లిన పరికరాల వల ‘బ్యాడ్‌బాక్స్‌ 2.0’ గురించి 2025 జూన్‌లో అమెరికా ఎఫ్‌బీఐ హెచ్చరించింది ఇలాంటి వాటి మీదే. కొన్నింటిలో అమ్మకముందే మాల్‌వేర్‌ (హానికర సాఫ్ట్‌వేర్‌) ఎక్కించి ఉంటుంది. మరికొన్నింటిలో, సెటప్‌ చేసేటప్పుడు వేసుకునే యాప్‌ల వెంట వస్తుంది. ఆ తర్వాత మీ ఇంటి ఇంటర్నెట్‌ చిరునామా మీద ఎవరో మోసాలు నడుపుతారు. సాఫ్ట్‌వేర్‌ అడుగున నాటింది ఫ్యాక్టరీ రీసెట్‌ కొట్టినా పోదు. హానికర యాప్‌లను పట్టే గూగుల్‌ రక్షణ ‘ప్లే ప్రొటెక్ట్‌’ను ఆపమని బాక్స్‌ అడిగిందా, ఇక సందేహం అక్కర్లేదు. ఆర్డర్‌ దారిలోనే ఉంటే క్యాన్సిల్‌ చేయండి. ఇప్పటికే తగిలించి ఉంటే పీకేసి, వైఫై పాస్‌వర్డు మార్చండి.