గట్టిగా పిసికితే చెయ్యి వాపు తగ్గదు

ప్రశ్న: నా వయసు 52. రెండేళ్ల కిందట రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయింది. కుడి చంకలో గ్రంథులు కూడా తీసేసి, తర్వాత రేడియేషన్ ఇచ్చారు. నాలుగు నెలలుగా కుడి చెయ్యి వాస్తోంది. సాయంత్రానికి బరువెక్కిపోతుంది, ఉంగరం పట్టడం లేదు. మెడ, భుజం నొప్పి కూడా ఉంది. మా అమ్మాయి రోజూ నూనె రాసి గట్టిగా పిసుకుతోంది. ఆ కాసేపు హాయిగా ఉంటుంది గానీ మర్నాటికి వాపు మామూలే. నీరు పోవడానికి బిళ్లలు వాడినా అంతే. ఒక మసాజ్ సెంటర్ వాళ్లు ‘లింఫాటిక్ డ్రైనేజ్’ పదిసార్లు చేయించుకుంటే ఒంట్లో విషాలన్నీ పోయి చెయ్యి మామూలైపోతుందంటున్నారు. చేయించుకోవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఆ పిసకడం ఆపించండి. మీ అమ్మాయి ప్రేమతోనే చేస్తోంది, కానీ ఈ వాపుకు అది పడదు.

మీరు రాసినదాన్ని బట్టి ఇది లింఫెడిమా, అంటే లింఫ్ అనే ద్రవం వెళ్లే దారి లేక నిలిచిపోయి వచ్చే వాపు, అయ్యే అవకాశం ఎక్కువ. రక్తనాళాల్లోంచి రోజూ లీటర్ల కొద్దీ నీరు, దాంతోపాటు కొంత ప్రొటీన్ బయటికి ఊరుతుంటాయి. ఆ ప్రొటీన్ తిరిగి రక్తంలో కలవాలంటే లింఫ్ నాళాలే దారి. చేతిలోని ఆ నాళాలు చాలావరకు చంకలోని గ్రంథుల మీదుగానే వెళ్తాయి. అక్కడ గ్రంథులు తీసేశారు, పైగా రేడియేషన్‌కు కండ గట్టిపడుతుంది. దాంతో దారి ఇరుకైపోతుంది. ఆపరేషన్ అయిన ఒకటి రెండేళ్లకు వాపు బయటపడటం మేం తరచూ చూసేదే. బిళ్లలు నీటిని మూత్రంలోకి పంపగలవు గానీ ప్రొటీన్‌ను కదిలించలేవు. అది ఉన్నచోటికి నీరు మళ్లీ చేరుతుంది. అయితే ఆ బిళ్లలు బీపీకో గుండెకో రాసినవైతే సొంతంగా మానేయకండి.

లింఫెడిమా అని నేను ఉత్తరం చూసి తేల్చేయలేను. కొత్తగా వచ్చిన వాపు కాబట్టి ముందు మీ క్యాన్సర్ డాక్టర్‌కు చూపించండి. చేతి సిరలో రక్తం గడ్డకట్టినా, చంకలో జబ్బు తిరగబెట్టినా చెయ్యి ఇలాగే వాస్తుంది. సిరల్లో రక్తం పారుతోందా అని చూసే డాప్లర్ స్కాన్, చంక పరీక్ష అయ్యాకే మసాజ్ మాట. సిరలో రక్తం గడ్డ ఉన్న చేతిని రుద్దితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది.

ఇక లింఫాటిక్ డ్రైనేజ్ సంగతి. ఇది నిజమైన చికిత్సే. డెన్మార్క్‌కు చెందిన ఎమిల్ వోడర్ 1930లలో దీన్ని రూపొందించారు. సరిగ్గా చేస్తే అసలు మసాజ్‌లాగే అనిపించదు. నూనె ఉండదు, కండ మీద ఒత్తిడి ఉండదు, అరచేతితో చర్మాన్ని మెల్లగా సాగదీసి వదులుతారు. ‘ఇదేం మసాజ్ డాక్టర్‌గారూ, పసిపిల్లను నిమిరినట్టుంది’ అని నా దగ్గర విసుక్కున్నవాళ్లున్నారు. చర్మం కిందనే ఉండే లింఫ్ నాళాలు చాలా పల్చన. గట్టిగా నొక్కితే నలిగిపోతాయి. పైగా పిసికినచోట రక్తప్రసారం పెరిగి మరింత నీరు ఊరుతుంది. మొదలుపెట్టేది కూడా వాచిన చెయ్యి దగ్గర కాదు. మెడ, అవతలి చంక, ఛాతీ ముందు చేసి చివర్లో చేతికి వస్తారు. ట్రాఫిక్ ఆగినప్పుడు ముందున్న బండ్లు కదిలితేనే కదా వెనకవి కదిలేది. నేరుగా చెయ్యి పట్టుకుని నూనెతో రుద్దడం మొదలుపెట్టారంటే వాళ్లకు ఈ పని తెలియదని అర్థం.

‘విషాలు పోతాయి’ అన్న మాట నమ్మకండి. ఆ పని చూసుకోవడానికి కాలేయం, కిడ్నీలు ఉన్నాయి. పదిసార్లతో చెయ్యి మామూలైపోతుందన్నదీ నిజం కాదు. లింఫెడిమా అదుపులో ఉంచుకోవాల్సిన సమస్య. మసాజ్ ఒక్కటే చేసి వదిలేస్తే దిగిన నీరు మళ్లీ నిండుతుంది. నన్నడిగితే ఇందులో అసలు పని కట్టుదే. లింఫెడిమాలో శిక్షణ ఉన్న ఫిజియోథెరపిస్ట్, పెద్దగా సాగని ప్రత్యేక బ్యాండేజీని వేళ్ల నుంచి పైదాకా పొరలు పొరలుగా కడతారు. కొన్ని వారాలకు చెయ్యి సన్నబడుతుంది. అప్పుడు కొలతలు తీసుకుని కంప్రెషన్ స్లీవ్, అంటే చేతిని బిగించి పట్టే తొడుగు, ఇస్తారు. వాపు ఉండగానే స్లీవ్ కొనుక్కుంటే కొలత తప్పుతుంది. రోజూ పగలంతా వేసుకోవాలి. ఆరు నెలలకోసారి మార్చాలి, పట్టు సడలిపోతుంది కాబట్టి. కట్టుతో, స్లీవ్‌తో వ్యాయామం చేస్తే కండరాలే పంపులా పనిచేస్తాయి. బరువులెత్తకూడదని చాలామంది భయపడతారు. తక్కువతో మొదలుపెట్టి ఫిజియోథెరపిస్ట్ పర్యవేక్షణలో మెల్లగా పెంచితే వాపు ముదరదని 2009లో వచ్చిన పరిశోధనలోనే తేలింది.

మెడ, భుజం నొప్పి వేరు లెక్క. బరువెక్కిన చెయ్యి లాగడం వల్లా, రేడియేషన్‌తో ఛాతీ కండరాలు బిగుసుకోవడం వల్లా రావచ్చు. భుజం పట్టేసిందేమో కూడా చూడాలి. డాక్టర్ సరేనన్నాక మెడకు, వీపు పైభాగానికి మామూలు మసాజ్ తీసుకోవచ్చు, హాయిగానే ఉంటుంది. రేడియేషన్ పడిన చర్మం జోలికి మాత్రం వెళ్లనివ్వకండి. చేతికి వేడి కాపడం పెట్టకండి.

చెయ్యి ఎర్రబడి, వేడెక్కి, చలిజ్వరం వస్తే అది ఇన్ఫెక్షన్. మసాజ్, కట్టు అన్నీ ఆపేసి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి, యాంటీబయాటిక్స్ పడాలి. చిన్న గీతలోంచి కూడా ఇది మొదలవుతుంది. అందుకే గోరు చుట్టూ తోలు పీక్కోకండి, మొక్కల పనికి గ్లవ్స్ వేసుకోండి, చర్మం పొడిబారకుండా క్రీమ్ రాయండి. ఆ క్రీమ్ రాసే పని మీ అమ్మాయికి అప్పగించండి, మెత్తటి చేత్తో.

డాక్టర్ దగ్గరికి వెళ్లేలోపు రెండు చేతులనూ టేపుతో కొలిచి రాసిపెట్టుకోండి. మణికట్టు దగ్గర, మోచేతికి పదేసి సెంటీమీటర్లు కిందా పైనా, ఎప్పుడూ అవే చోట్ల. తేడా 2 సెంటీమీటర్లు దాటిందా లేదా అన్నది డాక్టర్ మొదట అడిగే ప్రశ్నల్లో ఒకటి.